కుంకుమ పట్టిచ్చిన ప్లగ్గు

ముందే చెప్పేస్తే మంచిది. నేను రాసే కొలతల్ని సగానికి కోసి, ఆ సగంలోనూ కొంత తరుగు తీసి చదువుకోవాలి. మా సందులో మోకాలి లోతు నీళ్లు నిలిస్తే పడవలు తిరిగాయంటాను. మా ఆవిడ ఒక్కసారి కసిరితే వీధంతా కిటికీలు మూసుకుందంటాను. యాభై దాటాక ఇక ఈ జబ్బు కుదరదని ఇంట్లోవాళ్లు కూడా వదిలేశారు. ఇప్పుడు మా నాన్న స్కూటరుకి ప్లగ్గు కొన్న వైనం రాయబోతున్నాను కాబట్టి, దయచేసి కత్తెర దగ్గర పెట్టుకోండి.

మా నాన్న రేవులో లాంచీల ఇంజన్లు బాగుచేసి రిటైరయ్యాడు. ఉద్యోగం ఆయన్ని వదిలింది గానీ ఇంజన్లు వదల్లేదు. ఆ ప్రేమంతా ఇప్పుడు ఒక పాత స్కూటరు మీద పడింది. అది స్టార్టయితే మా ఏక్‌బాల్‌పూర్ కాకులు పక్కపేట వాట్‌గంజ్‌కి వలసపోతాయి. ఏటా యంత్రాలకి బొట్టు పెట్టే విశ్వకర్మ పూజకి దానికి ఏదో ఒక కొత్త సామాను కొనాలని ఆయన నియమం. కిందటేడు బ్రేకు తీగ. ఈసారి స్పార్క్ ప్లగ్గు.

అలాంటి బండికి ప్లగ్గులు ఇప్పుడు ఎవరూ అడగరు. మోటారు సామాన్ల కొట్టు నడిపే బెంగాలీ దాదా అటక మీంచి దుమ్ము పట్టిన అట్టపెట్టె దింపాడు. అన్నీ కొత్తవే, ఒక్కసారీ వాడనివే, కానీ ఒక్కటీ నిఖార్సుగా లేదు. నాన్న ఒక్కో ప్లగ్గునీ ఎండలోకి పట్టుకెళ్లి, భూతద్దం పెట్టి, తిప్పి తిప్పి చూస్తున్నాడు. ఆయన చూసేలోపు ఎదుటి ట్రాఫిక్ సిగ్నలుకి ముసలితనం వచ్చేసింది.

"కాకు, నోతున్ జినిష్, ఎతో కీ దేఖ్‌ఛేన్?" అన్నాడు దాదా, కొత్త సరుకులో అంత చూసేదేముందని.

"కొత్తదైతే తప్పుండదేటి? పుట్టిన పిల్లకి పుట్టుమచ్చుండదేటి?" అని నాన్న తెలుగులో నాకు చెప్పి, దాదాకి ఒక నవ్వు మాత్రం ఇచ్చాడు.

తర్వాత పాఠం మొదలైంది. అక్షరాలు వంకరగా అచ్చుపడ్డాయా, పరవాలేదు, ఇంజను చదువుకోలేదు. లోహం మీద మరకుందా, గుడ్డతో పోతుంది. కొన దగ్గర కొక్కెం కాస్త ఒరిగిందా, మెల్లగా తట్టి సందు సరిచేసుకోవచ్చు.

"మరి దేన్ని పారెయ్యాలి నాన్నా?"

"తెల్ల పింగాణీలో ఎంట్రుకంత బీటున్నా వొద్దు. నిప్పురవ్వ కిందకి దిగకుండా పక్కకి జారిపోద్ది. ఎంత కొత్తదైనా అది మరి ప్లగ్గు కాదురా, గాజుపెంకు."

చివరికి ఆయన ఎంచుకున్నదానికి అక్షరాలు ఓ పక్కకి ఒరిగి ఉన్నాయి, పింగాణీ మెరుగులో ఆవగింజంత మచ్చ ఉంది. బీట మాత్రం లేదు. గోటితో పింగాణీ చుట్టూ గీసి చూశాడు. చెవి దగ్గర పెట్టుకుని చిటికె కొట్టి విన్నాడు. గుండె డాక్టర్లు కూడా అంత శ్రద్ధగా వినరు. ఆయన కన్నుగప్పి తప్పున్న సామాను జారిపోవడం రేవులో ఎవరూ చూడలేదు.

ఇంట్లో సంగతి వేరుగా ఉంది. ఈ మధ్య మా అమ్మ చేతులు వణుకుతున్నాయి. కంటి ఆపరేషన్ అయినా దగ్గరి వస్తువులు ఆనడం లేదు. మొదట టీ గిన్నె మా ఆవిడ తీసుకుంది. తర్వాత కత్తిపీట. తర్వాత అగ్గిపెట్టె నేను దాచాను. ప్రేమతోనే, ఒక్కొక్కటిగా, ఇల్లంతా ఆమె చేతుల్లోంచి తీసేసుకున్నాం. మిగిలింది పూజ పళ్లెం ఒక్కటే. కిందటి వారం దీపానికి పొయ్యబోతే నూనె గిన్నె జారింది. అప్పుడే అంది: "ఇంకోపాలి నా సేతిలోంచి ఏదైనా పడితే ఈ పళ్లెం కూడా కోడలికి ఇచ్చీత్తాను. దేవుడి ముందర నవ్వులపాలవలేను."

హౌరా వంతెన ఎండకి కాస్త సాగుతుందంటారు. మా అమ్మ మాట సాగదు.

పూజ రోజు పొద్దున్నే డాబాల మీద గాలిపటాలు లేచాయి. నాన్న కింద సందులో స్కూటరుకి స్నానం చేయిస్తున్నాడు. పెళ్లికొడుక్కి కూడా అంత నలుగు పెట్టరు. అమ్మ దేవుడి గూటి ముందు కూర్చుంది. తమలపాకులో కొత్త ప్లగ్గు, గిన్నెలో నూనెతో కలిపిన కుంకుమ. తెల్లటి పింగాణీ మీద బొట్టు పెట్టాలని ప్లగ్గుని ముఖానికి దగ్గరగా పట్టుకుంది. నేను వరండాలో పేపరు చదువుతున్నాను.

టంగుమంది.

నేను తిరిగేసరికి అమ్మ వంగి ఎర్ర గచ్చు మీద తడుముకుంటోంది. దొరికింది. కొంగుతో తుడిచింది, బొట్టు పెట్టింది, మళ్లీ ఆకులో పెట్టింది. అప్పుడు నా వైపు చూసింది. నేను పేపర్లోకి ఎంత లోతుగా దూరానంటే సినిమా ప్రకటనలు నా ముక్కు మీద అచ్చుపడ్డాయి.  అమ్మ పళ్లెం మీద బట్ట కప్పి, వంటింటి వైపు, కోడలి వైపు, జరిపింది.

అంతలో నాన్న దగ్గుతూ మెట్లెక్కి వచ్చాడు.

"అయిందేటే? ఇలగియ్యి, బిగించీసి వొత్తాను."

ప్లగ్గు తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్లి, పెట్రోలు గుడ్డతో తుడిచాడు. బొట్టంతా పోయింది. సన్నటి ఎర్ర గీత ఒక్కటి పోలేదు. నూనె కుంకుమ బీటలోకి దిగిపోయి, పింగాణీ చుట్టూ సగం దూరం దారంలా పరుచుకుంది. నాన్న భూతద్దం అడగలేదు. ఈసారి ఎక్కువసేపు చూడనే లేదు.

"బీటే ఇది," అన్నాడు.

అమ్మ కప్పిన పళ్లెం మీద చెయ్యి వేసింది. "మావా, అది నా సేతి..."

"నీ సేతి సలవే." నాన్న ఆమె మాట మీద మాట వేసేశాడు. "కొట్లోనే పగిలున్నాది. నాకు ఆన్లేదు. నీ కుంకం దిగబట్టి బయటపడ్డాది. నేపోతే దీన్నే బిగించుకుని నడిరోడ్డు మీద ఆగిపోదుము."

"నీకా ఆననిది?" అంది అమ్మ. "ఓడంత ఇంజన్లో ఇసక రేణువు పట్టినోడివి."

"నాకు మటుకు వొయసు రాదేటి? నానూ కళ్లు సూపించుకోవాల."

ఆ రోజు దాకా ఆ నోటి నుంచి 'నాకు ఆన్లేదు' అన్న మాటని సూర్యుడు కూడా వినలేదు. నేను పేపరు కిందికి దించాను. అమ్మ ఆయన ముఖంలోకి చూస్తోంది, బియ్యంలో రాయి వెతికినట్టు.

"పాత ప్లగ్గే ఉండనీ. పళ్లెం అలగ కప్పీసినావేటి? బండికి బొట్టు ఎవులు పెడతారు?" అన్నాడు నాన్న.

 అమ్మ పళ్లెం మీది బట్ట తీసింది. "పద. సెయ్యి పట్టుకో, మెట్లు కనపడవు."

"నాకూ ఆనవు కదేటి."

"అయితే ఇద్దరం కలిసి పడదాం."

దిగారు. అమ్మ హెడ్‌లైటు మీద పెట్టిన బొట్టు వణికి వణికి పెసరట్టంత అయింది. నాన్న నాలుగడుగులు వెనక్కి వెళ్లి చూసి, బాగున్నాదన్నాడు.

పెంచినవాటిని మీరు ఈపాటికి కోసుకునే ఉంటారు. కల్పించింది ఒక్కటే. ప్లగ్గు పడినప్పుడు నాన్న కింద సందులో ఉన్నాడని రాశాను. లేడు. తడిగుడ్డ చేత్తో పట్టుకుని గుమ్మంలోనే ఉన్నాడు. అమ్మ నేల మీద తడుముకోవడం చూశాడు. నా వంక ఒకసారి చూశాడు. తర్వాత చెప్పులు చేత్తో పట్టుకుని, చప్పుడు కాకుండా మెట్లన్నీ దిగి, కింద నుంచి గట్టిగా దగ్గుతూ మళ్లీ ఎక్కాడు.