కూలెంట్ తాగేస్తున్న కారు

మొన్న ఆదివారం పొద్దున్నే నా పరువు ఎక్కడ పోయిందో తెలుసా? మా పోర్టికోలోనే! అదీ మా మెకానిక్ యాదగిరి కళ్లెదుట. చెప్తాను, నవ్వితే నవ్వండి గానీ టీ మీద పోసుకోకండి.

మల్కాజ్‌గిరిలో మా ఇంట్లో పదిహేడేళ్ల కారు ఒకటి ఉంది. నాకది కారు, మా ఆవిడ సుగుణకు ప్రాణం. యాభయ్యో ఏట దాని మీదే డ్రైవింగ్ నేర్చుకుంది. వేరే ఏ స్టీరింగూ ముట్టుకోదు. ఈమధ్య దానికి జ్వరం పట్టుకుంది. మెట్టుగూడ సిగ్నల్ దాటేసరికి టెంపరేచర్ ముల్లు ఎర్రగీత మీదే! బానెట్ ఎత్తితే కూలెంట్ డబ్బా ఖాళీ. ఇంజన్‌ని చల్లబరిచే ఆ పచ్చటి ద్రవాన్ని నింపుతాను, నాలుగు రోజులకు మళ్లీ ఖాళీ.

నేనేమో ఫిజిక్స్ లెక్చరర్‌ని. పాతికేళ్లుగా హీట్ చాప్టర్ చెప్తున్న మనిషిని మెకానిక్ దగ్గరికి వెళ్లడమా? నామోషీ! యూట్యూబ్ చూసి రేడియేటర్ మూత మార్చాను. కింది పైపు కూడా స్వహస్తాలతో మార్చాను. ఊహూఁ.

ఇక లీకేజీ పరీక్ష మొదలుపెట్టాను. రోజూ ఏడింటికి లేవడం, గోనెసంచి పరుచుకుని టార్చ్‌తో కారు కిందికి దూరడం. చుక్క తడి లేదు! బండలు అద్దంలా మెరుస్తున్నాయి. బయటికి పోవట్లేదంటే లోపలికే పోతోందన్నమాట. ఇంజనే కూలెంట్ తాగేస్తోంది, హెడ్ గ్యాస్కెట్, అంటే ఇంజన్ లోపలి సీలు, పోయింది! ఇక ఇంజన్ మొత్తం విప్పాల్సిందే, ఆ ఖర్చు కారు ఖరీదుకంటే ఎక్కువ.

సుగుణను కూర్చోబెట్టి గంభీరంగా చెప్పాను. "ఇక లాభం లేదే. తుక్కుకి ఇచ్చేద్దాం."

"ఒక్కసారి యాదగిరికి చూపించండీ."

"చూపించడానికేముంది? చుక్క కారట్లేదంటే గ్యాస్కెట్టే. సైన్సు!"

తను వెళ్లి కారులో డ్రైవర్ సీట్లో కూర్చుంది. గేటు మూసే ఉంది, ఎక్కడికీ వెళ్లేది లేదు. ఊరికే కూర్చుంది. నాకు మనసు చివుక్కుమంది. సరే, తన తృప్తి కోసమని యాదగిరికి ఫోన్ చేశాను.

ఆదివారం ఆరు కాకముందే దిగాడు. నేను కళ్లు నులుముకుంటూ బయటికొచ్చేసరికి సుగుణ రోజూలాగే బకెట్లతో నీళ్లు కొట్టి పోర్టికో కడుగుతోంది. యాదగిరి గేటు దగ్గరే ఆగి కాలువలోకి చూస్తున్నాడు.

"ఏందమ్మా, నీళ్లు గింత పచ్చగున్నయి?"

"నెల నుంచీ ఇంతే యాదగిరీ! పొద్దున చూస్తే కారు ముందు పచ్చగా, జిగురు జిగురుగా మడుగు. నాచేమోనని రోజూ బ్లీచింగ్ చల్లి, రుద్ది కడిగి, ఆరాక ముగ్గేస్తున్నా."

నేనూ వంగి కాలువలోకి చూశాను, అది మా కూలెంట్ రంగే! "మరి నాకు చెప్పలేదేం?" అన్నాను.

"చుక్క కారట్లేదని సైన్సే చెప్పిందన్నారుగా! పైగా నేను సరిగ్గా కడిగానో లేదోనని మీరు టార్చ్ వేసి మరీ చూస్తున్నారనుకున్నా. ఒళ్లు మండిపోయిందనుకోండి!"

యాదగిరి కారు కిందికి దూరి, నవ్వుతూ బయటికొచ్చాడు. "గ్యాస్కెట్ మంచిగుంది సార్. కింది పైపుకు పాత క్లిప్పే ఉంచిండ్రు, అది లూజుంది, గంతే. బండి చల్లబడ్డంక కారుతది. జెర చెప్పుండ్రి, గీ పైపు ఎవరు బిగించిండ్రు?"

సుగుణ నావైపు చూసింది. నేను ఆకాశం వైపు చూశాను.

కొత్త క్లిప్పు వేయడానికి పట్టింది ఐదు నిమిషాలు. సుగుణ అప్పటికప్పుడు తాళాలు తీసుకుని మోండా మార్కెట్ దాకా వెళ్లి, కూరగాయలతో తిరిగొచ్చింది. "ముల్లు సగం కూడా దాటలేదండీ!" అంటూ దిగుతుంటే తన మొహం చూడాలి! నేను ఓడిపోతేనేం, నాకూ సంతోషమే అనిపించింది.

కాకపోతే ఇంట్లో ఒక చిన్న మార్పు జరిగింది. కారు కింద తడి ఉందో లేదో తెలియాలంటే, చూసేవాళ్లే కడగాలట! ఇప్పుడు రోజూ ఐదున్నరకు చీపురూ బకెట్టూ నా చేతిలోనే. వాకింగ్‌కి వెళ్లేవాళ్లు వింతగా చూస్తే "లీకేజీ టెస్ట్" అని బుకాయిస్తున్నాను. నిన్న ఎదురింటాయన మాత్రం కదలకుండా నిలబడి, నా చేతి వైపు చూస్తూ అడిగాడు.

"మరి ముగ్గేసుడు సుత టెస్టేనా సార్?"