జానెడు జరిపిన రాయి

నా చిన్నప్పుడు అమీర్‌పేటలో జొన్న పండేదంటే మనవరాళ్లు నవ్వుతారు. నవ్వనీ! ఇప్పుడు కోచింగ్ సెంటర్ల బోర్డులు కిక్కిరిసిన సందులోనే, బల్కంపేట వైపు, మా రెండెకరాల చెలక ఉండేది. చేను నడుమ నిలువెత్తు రాయి, దానికి ఐదారు బారల దూరంలో చెంబంత చిన్నరాయి. తెల్లవారి పెద్దరాయి నీడ సరిగ్గా ఆ చిన్నరాయి మీద పడిన నాడే మా తాత విత్తమనేవాడు. అంతకుముందు ఎంత వాన పడినా వినేవాడు కాదు.

"మనకంటె ముందు గీడ ఎవుసం చేసినోళ్లు నిలబెట్టిన్రు బిడ్డా. రాయి కింద వాళ్ల పెద్దలున్నరు. ఎప్పుడు విత్తాల్నో వాళ్లనే అడిగెటోళ్లు" అనేవాడు.

ఒక ఏడు ఇంట్లో మిగిలింది ఒక్క కుండెడు విత్తనపు జొన్నలు. అమ్మ గంజిలో రోజురోజుకీ నీళ్లు పెంచేది. తమ్ముడికి ఏడ్చే ఓపిక కూడా లేదు. నాయిన పొద్దు పొడవకముందే పంజగుట్టకు కంకర కొట్టే కూలికి పోయేవాడు. తాత జ్వరంతో వారంగా మంచంలో ఉన్నాడు. అప్పుడే రోహిణి ఎండల్లో ఒక జల్లు పడింది. విత్తుదామని నాయిన అంటే తాత ఆగమన్నాడు. నేను పోయి చూశాను. నీడ చిన్నరాయికి ఇంకా జానెడు దూరంలో ఉంది. జానెడంటే పది రోజులు. తొమ్మిదేళ్లదాన్ని, కడుపు కాలుతోంది. ఎంత తొందరగా విత్తితే అంత తొందరగా బువ్వ అనుకుని, చిన్నరాయిని పెకిలించి నీడలోకి జరిపాను.

మర్నాడు తాత కర్ర పట్టుకుని వచ్చి చూశాడు. "అప్పుడే వచ్చిందా!" అని ఆశ్చర్యపోయాడు. జ్వరంలో రోజుల లెక్క తప్పాననుకున్నాడే గాని, రాయిని మాత్రం అనుమానించలేదు. కుండ ఖాళీ అయింది.

మొలకలొచ్చి మాడిపోయాయి. రెండు రోజుల తర్వాత అసలు వాన దిగింది. వేయడానికి గింజ లేదు. అయ్యో, ఇంటిల్లిపాది నోట్లో మట్టి కొట్టాను! వానలోనే రాయి దగ్గరికి పరుగెత్తాను. తాత అక్కడ చిన్నరాయి పాత గుంత ముందు కూర్చుని ఉన్నాడు. వెక్కుతూ అంతా చెప్పేశాను.

నాయిన అరుచుకుంటూ వచ్చాడు. "నీడ, నీడ అనుకుంట పిల్లల కడుపు కొట్టినవ్ గదనే నాయినా!"

తాత కాలితో గుంతలోకి మట్టి తోశాడు. "నా కండ్లు మసకేసినయ్ రా. నేనే తప్పు చూసిన" అన్నాడు.

నేను నోరు తెరవలేదు.

మరుసటి ఏడు నాయిన తాతను అడగకుండానే విత్తాడు. తాత బతికినన్నాళ్లూ ఆయన్ను మళ్లీ ఎవరూ ఏమీ అడగలేదు.

మా ఇంట్లో ఏ పిల్ల తప్పు చేసినా నేను ఇంతవరకు కోప్పడలేదు. కోప్పడే మొహం నాకు లేదు. మొన్న కూడా తమ్ముడు, "మన తాతకు చూపు ఆనకపోయేది, గందుకే గా ఏడు పస్తులున్నం" అన్నాడు. డెబ్బై దాటినా నోరు పెగల్లేదు, అందుకే రాస్తున్నాను. తాత చూపు తప్పలేదురా తమ్ముడూ. రాయి జరిపింది నేను.