అత్తమ్మ సంగటి గిన్నె, నా ఎక్స్ఛేంజ్

ఒక్క గిన్నెతో రెండు కాపురాలు కూల్చబోయిన మనిషిని మీరెక్కడైనా చూశారా? ఇదిగో, నేనే. నవ్వాలనుకున్నవాళ్ళు ఇప్పుడే మొదలుపెట్టుకోవచ్చు.

ఎక్స్ఛేంజ్ అన్న మాట మా పుట్టింట్లో సొంత చుట్టంలా తిరిగేది. బద్వేలులో నాన్న ఉద్యోగం టెలిఫోన్ ఎక్స్ఛేంజ్‌లో. అన్న పేరు ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజ్‌లో ఎన్నేళ్ళుగా పడి ఉందో అక్కడివాళ్ళకే గుర్తులేదు. చివరికి మా పెళ్ళిళ్ళూ అంతే. కోయిలకుంట్ల అబ్బాయికి నన్నిచ్చి, ఆయన అక్కను మా అన్నకు తెచ్చుకున్నారు.

అలాంటి ఇంట్లో పుట్టినదాన్ని, కాపురానికొచ్చిన నాలుగో నెలలో వీధిలోకి మైకు బండి వస్తే ఊరుకుంటానా?

"పాత గిన్నె ఇయ్యండి, కొత్త నాన్‌స్టిక్ తీస్కపోండి. సొట్టపడినా, మసిపట్టినా తీస్కుంటాం."

అన్నావదినలు మధ్యాహ్నం భోజనానికి వస్తున్నారని అత్తమ్మ రాగిపిండి ఆడించడానికి మిల్లుకెళ్ళింది. వంటింట్లో సొట్టలూ మసీ రెండూ ఉన్నది ఒకటే, ఆమె సంగటి గిన్నె. ఎత్తుకెళ్ళి ఇచ్చేశాను.

"మీ అత్త ఏమీ అనదా?" అన్నాడు బండాయన అనుమానంగా.

"మెచ్చుకుంటుంది" అన్నాను. అప్పట్లో నాకు అంత నమ్మకం ఉండేది.

అత్తమ్మ తిరిగొచ్చింది. "మ్మే, నా సంగటి గిన్నె యాడ?"

"ఎక్స్ఛేంజ్ చేసినానత్తా."

ఆమె నన్నూ, మెరిసిపోతున్న కొత్త నాన్‌స్టిక్ పెనాన్నీ మార్చి మార్చి చూసింది. చుట్టాలు వచ్చే వేళయింది కాబట్టి అందులోనే వండింది. సంగటంటే మీకు తెలుసుగా, పొయ్యి మీంచి దించి, గిన్నెను గుడ్డతో పట్టి పాదాలతో అదిమి, కట్టెతో బలంగా గెలకాలి. రెండో గెలుకుడుకే పిడి ఊడింది. పెనం జారి గడప దాటింది. బయట చెప్పులు విప్పుతున్న మా అన్న కాళ్ళ దగ్గరికి సంగటే ఎదురెళ్ళి స్వాగతం చెప్పింది.

అత్తమ్మ నడుం మీద చెయ్యేసుకుని లేచింది. "అల్లుడా, వచ్చింది మంచిదాయ. మీ చెల్లెల్ని పిల్చకపో."

గబగబా మా ఆయనకు ఫోన్ చేశాను. ఎప్పటిలాగే ఎత్తలేదు. అన్న ముఖం నాకంటే ఎక్కువ పాలిపోయింది.

"అత్తా, చెల్లెలు ఆడికొస్తే మీ కూతురు ఈడికి రావాల కదా."

"నాకేం, ఉంటా" అంది వదిన చల్లగా. "ఈడ సంగటి శానా బాగుంటాది."

"గిన్నె యాడుండాది, బాగుండేకి?" అంది అత్తమ్మ. ఆ మాటతో ఆమెకే ఏదో తట్టినట్టుంది. ఒక చేత్తో నన్నూ, ఇంకో చేత్తో పిడిలేని పెనాన్నీ పట్టుకుని, మైకు వినబడుతున్న పక్క వీధికి నడిచింది.

బండి ఇంకా అక్కడే ఉంది. బండాయన విరిగిన పెనం చూసి తల అడ్డంగా ఊపాడు. "ఇది వెనక్కి తీస్కోనమ్మా."

"ఇది వద్దులే" అని నన్ను ముందుకు తోసింది అత్తమ్మ. "ఈమెను తీస్కోని నా గిన్నె ఇయ్యి."

అతను నన్ను ఎగాదిగా చూశాడు. తన బండివైపు చూసుకున్నాడు. గిన్నె దించి అత్తమ్మ చేతిలో పెట్టాడు.

"ఊరికే తీస్కపోమ్మా. ఈమెను ఎక్కించుకుంటే నా బండిలో ఒక్క గిన్నె మిగల్దు."

అత్తమ్మ దారిపొడవునా నవ్వింది. ఆ నవ్వుతోనే నా కాపురం నిలబడింది, అన్నదీ నిలబడింది. ఆ రోజు సంగటి గిన్నె మీద చెయ్యిపెట్టి ప్రమాణం చేశాను, ఈ జన్మలో దేన్నీ ఎక్స్ఛేంజ్ చేయనని. ఇప్పటికీ కడప బస్సులో ఎవరైనా "సీటు మార్చుకుందామా" అంటే, ముందు అత్తమ్మకు ఫోన్ చేస్తాను.