రషీద్ సార్ తప్పుల పోటీ

రషీద్ సార్‌కు ఏ పనైనా పోటీ పెట్టకుండా చేయడం చేతకాదు. శంషాబాద్ దాటాక ఉన్న మా డిగ్రీ కాలేజీలో ఫస్టియర్ పిల్లలకు ఆయన ప్రోగ్రామింగ్ చెబుతారు. నేను ల్యాబ్ అసిస్టెంటును. చేరేటప్పుడు కంప్యూటర్లు చూసుకుంటే చాలన్నారు. అంపైరింగ్ సంగతి ఎవరూ చెప్పలేదు. తొమ్మిదేళ్లయింది, ప్రాణం విసిగిపోయింది.

"చలో, పోటీ" అంటూనే లోపలికి వస్తారు. "ఇప్పుడు పోయే విమానం చప్పుడు ఆగేలోపు ఎవరు లూప్ రాస్తరో చూద్దాం."

మాకు విమానాల కరువేముంది? పిల్లలు కీబోర్డుల మీద పడతారు. చప్పుడు ఎక్కడ ఆగిందో కిటికీ దగ్గర నిలబడి నేను తేల్చాలి. ఒకసారి అరీబ్ అని మా క్లాసు ఫస్టు కుర్రాడు, "ఆ చప్పుడు ఎనకొచ్చిన విమానందన్నా" అని అప్పీలు చేశాడు. దాని మీద అరగంట విచారణ జరిగింది.

బహుమతి సార్ కుర్చీ. ల్యాబ్ మొత్తానికి చక్రాల కుర్చీ అదొక్కటే. గెలిచినవాళ్లు ఆ రోజంతా దాంట్లో కూర్చుంటారు, సార్ ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చుంటారు.

"నడుం పోతది సార్" అన్నాను ఒకరోజు.

"ఎవరిది ముందు పోతదో చూద్దాం, నీదా నాదా" అన్నారు.

ఇంట్లోనూ ఇదే వరస. "వెల్లుల్లి పొట్టు తియ్యమంటే పోటీ పెడ్తరు భాయ్" అని ఆయన భార్య నసీమా గారు నాతో వాపోయారు. "ఓడితే అలుగుతరు. ఇగ నేనే ఓడిపోతున్న. నాకు వంట గావాలె గదా."

మొన్న శుక్రవారం మాత్రం నాకు నిజంగానే కోపం వచ్చింది. మహేశ్వరం నుంచి వచ్చే సుమలత అనే అమ్మాయి ఉంది. ఇంటర్ దాకా తెలుగు మీడియం. ప్రోగ్రాం నోటుబుక్కులో ముత్యాల్లాంటి అక్షరాలతో రాస్తుంది, ఓపిగ్గా టైపు చేస్తుంది, దాన్ని నడిపించే రన్ బటన్ దగ్గరికొచ్చేసరికి చెయ్యి వెనక్కి తీసుకుంటుంది. ఆరు వారాల్లో ఒక్కసారీ నొక్కలేదు. ఆ రోజు ల్యాబ్ అయ్యాక నా దగ్గరికి వచ్చింది.

"అన్నా, సోమవారం మా బాపును తీస్కొస్త. టీసీ తీస్కుంట. ఈ చదువు నాతోని కాదు."

"ఒక్కసారన్న నొక్కి చూసినవా?"

"తప్పుంటే తెర మీద ఎర్రగ వస్తది గదన్నా. పక్కోళ్లు చూస్తరు."

పరుగున వెళ్లి సార్‌కు చెప్పాను. "అట్లనా" అన్నారు, స్కూటర్ తీసుకుని వెళ్లిపోయారు. అంతే. మర్నాడు శనివారం, పిల్లను పిలిచి రెండు మంచి మాటలు చెబుతారనుకుంటే, గుమ్మంలోనే మొదలుపెట్టారు.

"చలో, పోటీ. ఇయ్యాల ఎవరికి ఎక్కువ రకాల తప్పులొస్తే వాళ్లు గెలిచినట్టు. ఒకే తప్పు రెండోసారి వస్తే లెక్కల లేదు. కావాలని చెడగొడితే అవుట్. రాఘవేందర్ భాయ్ చూస్తడు."

రాఘవేందర్ భాయ్ అంటే నేనే. పిల్ల చదువు మానేస్తుంటే ఈయనకు ఆటలు కావాలా అని లోపల తిట్టుకుంటూ పేర్లు రాసుకున్నాను.

అరీబ్ తెల్లమొహం వేశాడు. వాడికి తప్పులు రావు. కాసేపటికి దొంగచాటుగా ఒక బ్రాకెట్ చెరపబోతే పట్టుకుని అవుట్ చేశాను. సుమలత చుట్టూ చూసింది. అరీబ్‌ది తప్ప అందరి తెరలూ ఎర్రగానే ఉన్నాయి, అందరూ సంబరపడుతున్నారు. కళ్లు మూసుకుని రన్ నొక్కింది.

"అన్నా, ఒకటి" అంది, వినీ వినపడకుండా.

మెషిన్ మొదటి తప్పు దగ్గరే ఆగిపోతుంది. దాన్ని దిద్దితే గాని రెండోది చూపించదు. సుమలత కోలన్ పెట్టింది, మెషిన్ బ్రాకెట్ గురించి అరిచింది. ఈమె బ్రాకెట్ మూసింది, ఈ పేరెవరిదో నాకు తెలియదంది మెషిన్. గంట తిరిగేసరికి సుమలతకు ఎనిమిది తప్పులు, పక్క సీట్లో కూర్చునే నబీలాకు తొమ్మిది. సుమలత చున్నీ నడుముకు చుట్టి కూర్చుంది.

అప్పుడు నాకు వెలిగింది. సార్ దగ్గరికి వెళ్లాను. "సార్, ఇది ఆ పిల్ల కోసమే పెట్టిండ్రా?"

"భయం పోయేటట్టు మాట్లాడుడు నాకు రాదు భాయ్" అన్నారు, నా వైపు చూడకుండా. "రాత్రంతా ఆలోచించిన. నాకు పోటీలే వస్తయ్."

తొమ్మిదేళ్లుగా ఆయన్ని విసుక్కున్నందుకు సిగ్గేసింది. ఇంతలో సుమలత ఏడుపు మొహంతో వచ్చింది.

"సార్, నా ప్రోగ్రాం ఖరాబైంది. తప్పులు వస్తలేవు."

"మరేం వస్తుంది?"

"పదిమంది మార్కులు కూడి మొత్తం చూపిస్తుంది సార్. ఎన్నిసార్లు నొక్కినా సరిగ్గనే వస్తుంది."

సార్ నా చేతిలోని లెక్కల కాగితం తీసుకుని చూశారు. "అయితే ఓడిపోయినవ్ బిడ్డా. నబీలా గెలిచింది."

సుమలత అప్పటికే సార్ కుర్చీ ఎక్కి గిర్రున తిరుగుతున్న నబీలాను చూసింది, సార్‌ను చూసింది.

"గిట్ల కాదు సార్. సోమవారం మళ్ల పెట్టుండ్రి. ఇంకా పెద్ద ప్రోగ్రాం ఇయ్యుండ్రి."

"మీ బాపును తీస్కొస్తనంటివి గదా సోమవారం?" అన్నాను నేను, ఉండబట్టలేక.

"ఆయనెందుకన్నా నడుమ?" అంది సుమలత. "పోటీ నాకూ నబీలాకూ."