భూమి ఆగినా ఆగని వణుకు

ముందుగా నిశ్చయంగా తెలిసినవి చెబుతాను. పోర్ట్ బ్లెయిర్‌లో నాకు ఆడపిల్ల పుట్టిన నెలలోనే సునామీ వచ్చింది. ఆ ఉదయం బతు బస్తీలోని మా ఇల్లు ఊగింది. పసిబిడ్డతో బయటికి పరుగెత్తాం. ఆ తర్వాత నెలల తరబడి భూమి అప్పుడప్పుడూ కంపించింది. బాలింతకు గాలి సోకినందువల్ల, భయానికి రక్తం విరిగినందువల్ల నాకు జబ్బు చేసిందన్నవి మాత్రం విన్న మాటలు. వాటికి ఆధారమేదీ నాకు కనబడలేదు.

పాపకు మూడో నెల నడుస్తుండగా ఒక మధ్యాహ్నం భూకంపం వచ్చిందనిపించి, ఆమెను ఎత్తుకొని వీధిలోకి వచ్చాను. పక్కింటివాళ్లు తాపీగా బట్టలు ఆరేసుకుంటున్నారు. మరునాడూ అంతే. నేను సైన్స్ టీచర్‌ను. గ్లాసులో అంచుదాకా నీళ్లు పోసి నేలమీద పెట్టాను. మళ్లీ ఊగినట్టనిపించినప్పుడు చూస్తే నీళ్లు నిశ్చలంగా ఉన్నాయి. గ్లాసును చేతిలోకి తీసుకోగానే తొణికాయి.

"ఒరే, మీ టీచరమ్మ గ్లాసుకి పూజ చేస్తందిరా!" అని అత్తమ్మ మావారితో నవ్వుతూ అన్నారు. అంతలోనే నా చెయ్యి పట్టుకుని, అండమాన్ హిందీ కలిసిన తన యాసలో అన్నారు: "ఓలమ్మా, ఈ వణుకేటి? బయం, డర్ పట్టీసింది నీకు. సునామీ అయిన కాణ్నించి సబ్ లోగ్ ఇలాగే ఉన్నారు."

"అందరికీ ఉన్నదే నాకూ ఉందని ఎలా చెప్తాం, అత్తమ్మా?"

"బాబోయ్, నీతో బహస్ నా వల్ల కాదు. డాక్టరు దగ్గరికి పద."

అప్పటికే నేను బరువు తగ్గాను. గుండె దడ, నిద్రలేమి ఉండేవి. జారవిడుస్తానేమోనని పాపను ఎత్తుకోవడం మానేసి, పడుకొనే పాలిచ్చేదాన్ని. నా చేతుల్లో నా బిడ్డ క్షేమంగా ఉంటుందా అన్నదొక్కటే నాకు తేలవలసి ఉంది.

డాక్టరు నా మాట మధ్యలోనే ఆపారు. "సునామీ సంగతి తర్వాత. డెలివరీ ఎప్పుడైంది?" మెడ తడిమి, థైరాయిడ్ పనితీరు తేల్చే టీఎస్‌హెచ్ పరీక్ష రాశారు. రక్తం శాంపిల్ చెన్నై వెళ్లి రావలసి వచ్చింది. ఫలితం చూసి, "పోస్ట్‌పార్టమ్ థైరాయిడైటిస్, అంటే కాన్పు తర్వాత వచ్చే థైరాయిడ్ వాపు. ఇప్పుడు హార్మోన్ ఎక్కువగా ఉంది. తర్వాత బాగా తగ్గిపోవచ్చు, మళ్లీ రావాలి," అన్నారు.

"సునామీ వల్లేనా?"

"సునామీ రాని ఊళ్లలోనూ వస్తుందమ్మా."

దడకు మాత్రలిచ్చారు. వణుకు పోయింది. ఆ సంతోషంలో, మళ్లీ రమ్మన్న మాటను ఇంటిల్లిపాదీ మరిచాం.

కొన్ని వారాల తర్వాత ఒళ్లు బరువెక్కింది. మలబద్ధకం, చలి, విడవని నీరసం. ఒకరోజు అత్తమ్మ చేపల మార్కెట్ నుంచి వచ్చేసరికి పాప ఏడ్చి ఏడ్చి కందిపోయి ఉంది. నేను పక్కనే కూర్చుని ఉన్నాను.

"సునాయీ పడలేదా అమ్మా నీకు?"

"వినబడింది," అన్నాను.

ఆమె తిట్టలేదు. చేపల సంచి గుమ్మంలోనే వదిలి ఆటో పిలిచారు.

ఈసారి టీఎస్‌హెచ్ చాలా ఎక్కువగా వచ్చింది, అంటే థైరాయిడ్ హార్మోన్ బాగా పడిపోయినట్టు. డాక్టరు ఆ హార్మోన్ మాత్రే, థైరాక్సిన్, రాశారు. పాపకు గాని, నాకు గాని హాని చేసుకోవాలనిపించిందా అని సూటిగా అడిగారు. లేదన్నాను, అది నిజం. "డిప్రెషన్ కూడా ఉంది. ఈమెను ఒంటరిగా ఉంచకండి," అని అత్తమ్మకు చెప్పారు.

ఆ వారం నుంచే అత్తమ్మ మంచం నా గదిలోకి వచ్చింది. పాలు తప్ప పాప పనులన్నీ ఆమే చూశారు. రోజూ ఒకసారి మాత్రం నాకు ఆనుకుని కూర్చుని, పాపను నా చేతుల్లో పెట్టి, కింద తన ఒడి పరిచేవారు. "పట్టుకో. జారితే నా ఒళ్లోనే పడద్ది."

పాప జారలేదు. వర్షాలు వెలిసేనాటికి పాపను ఎత్తుకొని నేనొక్కదాన్నే వీధి చివరిదాకా నడిచాను.

పాప ఇప్పుడు కాలేజీలో చదువుతోంది. థైరాక్సిన్‌ను కొంతకాలానికి డాక్టరే ఆపించారు. ఏటా పరీక్ష చేయించుకుంటున్నాను, సరిగానే ఉంటోంది. నేను చెప్పగలిగిన సలహా ఒకటే. కాన్పయిన ఏడాదిలోపు దడ, వణుకు, నీరసం, బిడ్డమీద మనసు పోకపోవడం వంటివి కనిపిస్తే, కారణం ఎంత స్పష్టంగా తోచినా సరే, కాన్పు ఎప్పుడైందో డాక్టరుకు ముందే చెప్పి థైరాయిడ్ పరీక్ష అడగండి.

నన్ను నిలబెట్టింది మాత్రా, అత్తమ్మా అన్నది నాకు నేటికీ తెలియదు. రెండూ ఒకే వారంలో మొదలయ్యాయి. తేల్చుకోవాలంటే అప్పుడే ఒకదాన్ని ఆపి చూడవలసింది. ఆ ప్రయోగానికి మా ఇంట్లో ఎవరూ ఒప్పుకొనేవారు కాదు; నేనైతే అడగనే లేదు.