ఎర్ర రంగు పూసిన స్క్రూ

కోవిడ్ తగ్గిన మరుసటి వేసవిలో నన్ను హిందూపురం నుంచి పెనుకొండ దగ్గరి ఒక ఐటీఐకి బదిలీ చేశారు. హోదా అసిస్టెంట్ ట్రైనింగ్ ఆఫీసర్, ట్రేడు ఎలక్ట్రీషియన్. మోటార్లకు తీగ చుట్టించడం, చుట్టింది కాలిపోతే పిల్లలను తిట్టడం నా పని. రెండోదాంట్లో నాకు మంచి పేరుండేది.

సోమందేపల్లి గౌరమ్మ అక్కడికే వచ్చింది. చేత్తో పచ్చబొట్లు పొడవడం ఆమె వృత్తి. వేళ్ళు తిమ్మిరెక్కి సూది పట్టు తప్పుతోంది. సంతలో గిరాకీ అంతా మిషన్లు ఉన్నవాళ్ళకే పోతోంది. ధర్మవరం నేతగాడు ఆదెప్ప, తాను చీర అంచులో నేసే నెమలిని ముంజేతి మీద వేయించుకుంటానని, బాగుంటే వీధివాళ్ళనూ తెస్తానని ఆమెకు మాటిచ్చాడు. ఇదీ తప్పితే పని మానుకోవడమేనని, తనకూ ఒక పచ్చబొట్ల మిషను చేసిపెట్టమని అడిగింది. నాకు జాలి వేసింది. అంతకంటే ఎక్కువగా హుషారు పుట్టింది.

ఆ మిషను కాలింగ్ బెల్లుకు తమ్ముడే. కరెంటు పారగానే రెండు కాయిళ్ళు ఇనప పట్టీని కిందికి లాగుతాయి. లాగగానే కాంటాక్ట్ స్క్రూతో సంబంధం తెగి, స్ప్రింగు దాన్ని పైకి లేపుతుంది. పట్టీకి తగిలించిన సూది అలా ఆడుతుంది. స్క్రూ దగ్గర సందు తగ్గిస్తే వేగం, అది గీతకు. పెంచితే నెమ్మది, అది నీడకు, అంటే గీతల మధ్య రంగు నింపడానికి. సూదులు మాత్రం ప్యాకెట్టు విప్పని కొత్తవి తెప్పించాను.

పది రోజుల్లో మిషను తయారైంది. గీతకూ నీడకూ రెంటికీ పనికొస్తుందని ఒక కొలత లెక్కగట్టి, ఫీలర్ గేజితో సందు సరిచూసి, మా ట్రేడు అలవాటు ప్రకారం స్క్రూ మీద ఎర్ర పెయింటు పూశాను. సరిచూసిన పనిని ఇంకెవరూ కెలకకూడదని దాని అర్థం.

ఆదెప్ప ఎదురుగానే కర్బూజా తొక్క మీద పరీక్ష పెట్టాం. నెమలి గీత చక్కగా వచ్చింది. తోకలో రంగు నింపబోతే తొక్క చిరిగి రసం కారింది. ఆదెప్ప మడిచిన చొక్కా చెయ్యి మెల్లగా దించుకున్నాడు.

“నా చెయ్యేమన్నా కర్బూజానా సారూ? నేను హిందూపురంలో ఏయించుకుంటాలే,” అన్నాడు.

గౌరమ్మ ముఖం చూడడానికి నాకు సిగ్గేసింది. ఆమె నన్నే నిలదీసింది.

“మిషను బాగుండాది సారూ. ఈ స్క్రూకు రంగెందుకు పూస్తిరి? తోకకు మెల్లగా పొడవల్ల.”

కొలత సరిగ్గానే ఉందని వాదించాను. వినే ఓపిక ఆమెకు లేదు. గాజుకు తగిలించుకున్న పిన్నీసుతో నా పెయింటు గీకేసి, మిషను ఆడుతుండగానే చప్పుడు వింటూ స్క్రూ తిప్పింది. కొత్త సూది పెట్టి, పండును రెండో పక్కకు తిప్పి తోక నింపింది. తొక్క చెక్కుచెదరలేదు. ఎన్ని చుట్లు తిప్పావమ్మా అంటూ నోటుబుక్కు తీశాను.

“చుట్లు యాడ లెక్కపెడతాం సారూ? చేతికి తెలుస్తాది,” అంది.

ఆదెప్ప చొక్కా చెయ్యి మళ్ళీ మడిచి ముంజేయి చాపాడు. ఆ తర్వాతి వారం ధర్మవరం నుంచి నలుగురు వచ్చారు.

కొలత పెట్టడం చేసేవాడి పని, మార్చుకునే వీలు వాడేవాడికి ఉండాలి. నేను నేర్చుకున్నది ఇదే. రిటైరయ్యేదాకా ప్రాక్టికల్ పరీక్షల్లో ఎర్ర రంగుకు మళ్ళీ మార్కులు వేయలేదు. ఆ మార్కులను, ఈ పరికరం వాడేదెవరని ముందుగా అడిగినవాడికి వేశాను.