మూడు తూముల స్టాపులో గంపల వరస

సెల్‌ఫోన్లు కొల్లేరు పల్లెల్లోకి కొత్తగా వచ్చి, సిగ్నల్ కోసం జనం డాబాలెక్కుతున్న రోజులివి. మా చెల్లెలు సత్యవతి డాబా ఎక్కి ఫోన్ చేసిందంటే ఏలూరులో నాకే కాదు, మా వీధి మొత్తానికి ఫోన్ వచ్చినట్టే.

"అన్నయ్యా, నువ్వు కొనిచ్చిన సైకిలు నువ్వే వచ్చి పట్టుకుపో. నాకు పిల్ల ప్రాణాలతో కావాలి" అని అరిచి పెట్టేసింది.

విషయం ఇది. మా మేనకోడలు లలిత ఇంటర్ మొదటి సంవత్సరం. ఊళ్ళోకి వచ్చే బస్సు కాలేజీ వైపు వెళ్ళదు, తాడేపల్లిగూడెం వైపు పోతుంది. కాబట్టి సైకిలు పోతే చదువు పోయినట్టే. ఆ ముందురోజు ఊరి బస్టాపులో లలిత సైకిలు, బస్సు దిగుతున్న ఒక పెద్దాయనకు తగిలింది. ఆయన వెళ్ళి ఎవరిదో చేపల గంపలో కూర్చున్నాడు. లలిత తారు రోడ్డు మీద పడింది. వెనకే వస్తున్న ఐసు లారీ ఆమె జడకు జానెడు దూరంలో ఆగిందట. నా దగ్గరకు వచ్చిన ఏ కొలతనైనా సాగదీసే అలవాటు నాకుంది గానీ, ఈ జానెడును మాత్రం ముట్టుకోవడానికి చెయ్యి రాలేదు.

మర్నాడు ఏలూరులో ఆరున్నర ప్యాసింజరు ఎక్కాను. ఏడుంపావుకు కదిలింది. భీమడోలు దాటేసరికి నా గడ్డం పెరిగింది, పూళ్ళ దాటేసరికి నెరిసింది. ఎదురు సీట్లో కరీం గారని, ఏలూరులో సైకిల్ షాపు ఉన్నాయన, మెడలో దండల్లా నాలుగు టైర్లు వేసుకుని కూర్చున్నారు. నా కథంతా చెప్పి అడిగాను.

"తప్పు పిల్లదంటారా, దిగినాయనదంటారా?"

"ఇద్దరిదీ కాదండీ. బస్సు తలుపు ఎడమ పక్కే, సైకిలు పోయేదీ ఎడమ పక్కే. దిగేవాడు మెట్టు చూసుకుంటాడు గానీ రోడ్డు చూస్తాడా అండీ? గాల్లో ఉన్న కాలు బెల్లు కొడితే వెనక్కి పోదు కదండీ."

"మరి మార్గం?"

"మార్గం మీరే వెతకాలండీ. బ్రేకులు కావాలంటే నేనిస్తాను."

తాడేపల్లిగూడెంలో దిగగానే ప్లాట్‌ఫారం మీద ఇద్దరు ముగ్గురు నన్ను చూసి కళ్ళు తుడుచుకున్నారు. నా కీర్తి ఇంత దూరం వచ్చిందా అని ఉప్పొంగాను. తర్వాత నాకూ కన్నీళ్ళు వచ్చాయి. గాలి ఉల్లిపాయల మార్కెట్ మీంచి వీస్తోంది. బస్టాండు ఎదురుగా ఉప్మా పెసరట్టు తిన్నాను. దాని అంచు నా పళ్ళెం దాటి పక్కాయన పళ్ళెంలోకి వెళ్ళింది. గోదావరి జిల్లా మనిషి కనుక మర్యాదగా మడిచి, "మీదేనండీ" అని తిరిగి ఇచ్చేశారు. ఈ దారిన వెళ్ళేవాళ్ళు ఇక్కడే కడుపు నింపుకోవడం మంచిది, ముందు నీళ్ళూ చేపలూ తప్ప ఏమీ లేవు.

తొమ్మిదిన్నరకు నిడమర్రు మీదుగా పోయే ఎర్రబస్సు దొరికింది. నిడమర్రు దాటాక రోడ్డుకు రెండు పక్కలా చెరువులే. ఒక్కో చెరువులో చేపలు ఎంత కిక్కిరిసి ఉన్నాయంటే, నీళ్ళే చోటు లేక గట్టు మీద నిలబడ్డాయి. ఆఖరి స్టాపు మా చెల్లెలి ఊరు, మూడు తూములు. బస్సు అక్కడే తిరిగి, దిగేవాళ్ళను దింపి, ఎక్కేవాళ్ళను ఎక్కించుకుంటుంది.

నేను జాగ్రత్తగా మెట్టు చూసుకుంటూ దిగాను. పాలబిందెల సైకిలొకటి నేరుగా వచ్చి నా పొట్టకు తగిలి ఆగింది. నా పొట్ట వల్ల లోకానికి ఉపయోగం లేదని మా ఆవిడ ఎన్నో ఏళ్ళుగా చెబుతున్న మాట ఆ క్షణంతో అబద్ధమైపోయింది.

"చూసుకోవాలి కదండీ!" అన్నాడు పాలాయన.

"మెట్టు చూసుకుంటున్నానండీ" అన్నాను.

పొట్ట రాసుకుంటూ స్టాపును పరికించాను. తారు రోడ్డు, దాని పక్కన మట్టి మార్జిన్, దాని వెనక షెల్టరు. తారు మీద లారీలు కనుక సైకిళ్ళు మార్జిన్ మీద పోవాలి. కానీ షెల్టరు నుంచి తారు అంచు దాకా అడ్డంగా చేపల గంపలు! ఆ ఊళ్ళో బస్సుకు మనుషులు లైన్లో నిలబడరు. గంపను నిలబెట్టి, తాము షెల్టరు నీడలో కబుర్లు చెప్పుకుంటారు. ఎవరి గంప తారుకు దగ్గరగా ఉంటే వాళ్ళే ముందు ఎక్కాలి. ఈ చట్టాన్ని దేవుడు దిగివచ్చినా మార్చలేడు.

ఇంటికి వెళ్ళేసరికి సైకిలు తుడిచి, గుమ్మం ముందు నిలబెట్టి ఉంది. లలిత మోకాలికి కట్టుతో పక్కనే కూర్చుంది.

"స్లోగానే వచ్చాను మావయ్యా. గంపలు అడ్డం. తారు మీదకు దిగితే లారీ. అందుకని బస్సుకూ గంపలకూ మధ్య సందులో దూరాను. తలుపు తెరుచుకుంది."

"ఇంకేం దూరక్కర్లేదు. ఇంట్లో కూర్చో" అంది సత్యవతి. ఆ తర్వాత మొహం తిప్పుకుంది. తనను ఏడో క్లాసులోనే బడి మాన్పించారు.

మర్నాడు పొద్దున్న కాలేజీ టైముకు సైకిలు నేను నడిపించుకుంటూ, తల్లీకూతుళ్ళు వెనక నడుస్తూ స్టాపుకు చేరాం. గంపలన్నిటికీ ముందు మంగమ్మగారి గంప. ఆవిడ లలితను చూడగానే నవ్వింది.

"ఏం అమ్మడూ, ఇవాళ ఎవర్ని కూర్చోబెడతావు నా గంపలో? ఆ రోజు చేపలు ఒక్కరూ కొనలేదే తల్లీ!"

"గంప దారిలోంచి తీస్తే ఎవర్నీ కూర్చోబెట్టను మామ్మా."

నేను గొంతు సవరించుకుని ఉపన్యాసం ఇచ్చాను. గంపలు అడ్డంగా కాక రోడ్డు వెంబడే పెట్టుకుంటే, వాటి వెనకనుంచి సైకిళ్ళు పోతాయని తాత్పర్యం.

"అలా పెడితే ముందెవరండీ బాబూ?" అంది మంగమ్మగారు. "బస్సు ఎటు ఆగితే అటువాళ్ళు ముందా? నిన్నగాక మొన్న వచ్చిన గంప నాకంటే ముందా?"

అంతే. ఆ గోలకు కొల్లేట్లో కొంగలన్నీ లేచి ఆకివీడు వెళ్ళిపోయాయి. నేను కూడా వాటి వెంట వెళ్దామనుకుంటూ చూస్తే సత్యవతి పక్కన లేదు. చెరువులో చల్లడానికి గట్టు మీద వేసిన సున్నం బస్తాల దగ్గరనుంచి బేసినుడు సున్నంతో వచ్చింది.

"పిన్నీ, తలుపు ఎక్కడ ఆగాలో చెప్పు."

మంగమ్మగారు కాలితో చూపించింది. సత్యవతి వంగి అక్కడ తెల్లటి పట్టీ వేసింది. అక్కడినుంచి తారు అంచుకు రెండడుగులు ఇవతలగా, మార్జిన్ మీద రోడ్డు వెంబడి ఒక గీత. షెల్టరు ముందు ఇంకో గీత. గీత వంకర పోలేదు. ఇంజనీర్లు తాడు పట్టుకుని వేసినా అంత తిన్నగా రాదు.

"గంపలు ఈ గీత మీద. తలుపు దగ్గర నీది, నీ వెనక మిగతావాళ్ళు. దిగినవాళ్ళు గంపల దగ్గర ఆగి, చూసి, గంపల మధ్య వదిలిన ఈ సందులోంచి దాటాలి. రెండు గీతల మధ్యా సైకిళ్ళు."

"నా గంప ముందేగా? అయితే నాకేం?" అంది మంగమ్మగారు. చట్టం నిలబడింది, వరస తిరిగింది.

బస్సు వచ్చి, అలవాటు కొద్దీ పట్టీ దాటి ఆగింది. మంగమ్మగారు రేకు మీద దబదబా బాదింది. "వెనక్కి పెట్టు నాయనా! గీత కనబడట్లేదూ?"

డ్రైవరు వెనక్కి పెట్టి, తల బయటికి పెట్టాడు. "బస్సుకు ముగ్గేంటమ్మా, ఏం పండగ?"

"దిగినోళ్ళు బతికి ఇంటికెళ్ళే పండగండీ!" అంది సత్యవతి.

సత్యవతి సైకిలు హ్యాండిల్ నా చేతిలోంచి తీసుకుంది. ఒక్క క్షణం దాన్ని గట్టిగా పట్టుకుని, కూతురికి ఇచ్చింది.

"వెళ్ళు" అంది.

బస్సులోంచి దిగిన మొదటి మనిషి, గంప అడ్డం వచ్చి ఆగాడు. ఆగాడు కనుక చూశాడు. చూశాడు కనుక లలిత అతని ముందునుంచి బెల్లు కొట్టుకుంటూ వెళ్ళిపోయింది. ఆమె మలుపు తిరిగేదాకా మా చెల్లెలు నా చొక్కా పట్టుకునే ఉంది. గుండీ ఒకటి ఊడి చేతిలోకి వచ్చింది.

నేను అదే బస్సెక్కాను, సైకిలు లేకుండా. కిటికీలోంచి అడిగాను. "సత్యా, వాన పడితే ఈ గీతలన్నీ పోతాయే!"

"గుమ్మంలో ముగ్గు రోజూ పోతోందని మానేస్తున్నానా అన్నయ్యా?" అంటూనే, గంపలకు ముందునుంచి దూరబోతున్న ఇంకో సైకిలాయన మీదకు తిరిగింది. "ఏవండీ! వెనకనుంచి! వెనకనుంచి వెళ్ళండీ!"

గూడెం దాకా ప్రతి స్టాపులోనూ తల బయటికి పెట్టి చూశాను. ఎక్కడా గీత లేదు. కానీ మార్జిన్ ఉంది, గంపలున్నాయి, సున్నం ఉంది, గట్టిగా అరవగల ఆడవాళ్ళున్నారు. సామానంతా సిద్ధంగానే ఉన్న దేశం ఇది.

మీరెప్పుడైనా మూడు తూముల వైపు వెళితే, ఉదయం బస్సు దిగి గంపల దగ్గర ఒక్క క్షణం ఆగండి. నీలం సైకిలు మీద ఒకమ్మాయి వస్తూ ఉంటుంది. ముందు ఆమెను పోనివ్వండి. ఆమెకు ఫస్ట్ పీరియడ్ ఉంది.